రెండెకరాల మంచు

నల్లరేగడిపాడు మండలంలో మంచు ఉందని ప్రభుత్వం కనిపెట్టిన రోజున అక్కడ నలభై ఆరు డిగ్రీల ఎండ కాస్తోంది. తహసీల్దారు కార్యాలయం గోడ నీడన పడుకున్న కుక్క గంటకోసారి లేచి గోడ మారుస్తోంది. అలాంటి వేళ గుండాల సైదమ్మ తలమీద తడిగుడ్డ వేసుకుని, చంకలో ప్లాస్టిక్ సంచీ ఇరికించుకుని ఆఫీసు మెట్లెక్కింది. ఆ సంచీలో పదకొండేళ్ళ కాగితాలున్నాయి.

ఆ పదకొండేళ్ళ సంగతి ముందు చెప్పుకోకపోతే తరవాత జరిగింది ఎవరూ నమ్మరు. సైదమ్మకూ ఆమె మొగుడు నరసయ్యకూ ఉన్నదల్లా సర్వే నంబరు 241లో రెండెకరాల రేగడి చేను. మిరప వేస్తారు. ఊరి శ్మశానం సర్వే నంబరు 214. ఎవరూ కొనకూడని, అమ్మకూడని భూముల జాబితా ఒకటి తయారవుతున్నప్పుడు, టైపు కొట్టిన మహానుభావుడెవరో ఒకటినీ నాలుగునూ తారుమారు చేశాడు. అంతే, సైదమ్మ మిరపచేను కాగితాల్లో శ్మశానమైంది. అసలు శ్మశానం మాత్రం ఏ అడ్డూ లేకుండా హాయిగా ఉండిపోయింది.

అలా జాబితాకెక్కిన భూమిని రెవెన్యూ వాళ్ళు 'ఫ్రీజ్ అయింది' అంటారు. జాబితాలోంచి తీసేస్తే 'విడుదలైంది' అంటారు. ఫ్రీజ్ అయిన భూమికి పాసుపుస్తకం రాదు, పాసుపుస్తకం లేనిదే బోరుకు కరెంటు రాదు. సైదమ్మ చేలో బోరు వేస్తే రెండంగుళాల నీళ్ళు పడ్డాయి. కింద గంగ ఉంది, పైన తీగ లేదు. వరసగా రెండేళ్ళు పూత మీదున్న మిరప వాళ్ళ కళ్ళముందే మాడిపోయింది. ఈ ఏడు నారు నాటేలోగా మోటారు ఆడకపోతే చేను వదిలేసి పత్తి మిల్లులో కూలికి పోవటమేనని నరసయ్య తేల్చి చెప్పాడు. అరవయ్యేళ్ళు దాటాక ఇంకొకడి మిల్లులో దూది దులపటమంటే సైదమ్మకు ప్రాణం పోయినంత పని.

అందుకే ఆ సోమవారం ఆమె అంత ఆశగా వచ్చింది. ఫైలు అన్ని బల్లలూ దాటి చివరి సంతకానికి చేరిందని శుక్రవారంనాడు సీనియర్ అసిస్టెంటు దైవాధీనం తన నోటితో చెప్పాడు. దైవాధీనం అన్నది తల్లిదండ్రులు భక్తితో పెట్టుకున్న పేరే గానీ, ఆ ఆఫీసులో ఫైళ్ళ గతి కూడా అక్షరాలా అదే.

"సంతకం అయిందా అయ్యా?" అంది సైదమ్మ బల్ల దగ్గరకు వచ్చి.

దైవాధీనం తల ఎత్తలేదు. "కూర్చో అమ్మా. నీళ్ళు తాగు."

నీళ్ళు తాగమన్నాడంటే పని కాలేదని సైదమ్మకు పదకొండేళ్ళ అనుభవం. "నీళ్ళ సంగతి తరవాత. సంతకం?"

"సారు పెన్ను తీశాడమ్మా, నా మీదొట్టు. అప్పుడే పైనుంచి సర్క్యులర్ దిగింది. శాశ్వతంగా ఫ్రీజ్ అయిన భూముల్ని విడుదల చేస్తే ప్రపంచం మునిగిపోద్దంట."

"నా రెండెకరాలకా?"

"ప్రపంచం మొత్తం అని రాశారమ్మా. నీది కూడా అందులోదేగా."

అసలు జరిగిందేమిటంటే, ఢిల్లీ నుంచి ఒక ఇంగ్లీషు కాగితం వచ్చింది. ఎక్కడో ఉత్తర ధ్రువం దిక్కున వేల ఏళ్ళుగా గడ్డకట్టుకుపోయిన నేల ఇప్పుడు కరుగుతోందనీ, అందులోంచి విడుదలయ్యే వాయువుల వల్ల భూగోళం మరింత వేడెక్కుతుందనీ దాని సారాంశం. ఊరికే తెలిసి ఉండటానికి పంపిన కాగితమది. అయితే తెలిసి ఉండటమనే పని మన ఆఫీసుల్లో ఏ సెక్షనూ చూడదు. కాగితం వచ్చిందంటే చర్య తీసుకోవాలి. రాజధానిలో ఎవరో దాన్ని తెలుగులో పెడితే, గడ్డకట్టిన నేల కాస్తా 'శాశ్వతముగా ఫ్రీజ్ అయిన భూములు' అయి కూర్చుంది. అందులో 'భూములు' అన్న మాట కనపడింది గనక రెవెన్యూ శాఖకు తోశారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, రెవెన్యూ శాఖ మండలాలన్నిటికీ ఉత్తర్వు పంపింది.

ఆ మధ్యాహ్నం తహసీల్దారు సత్యసుందరంగారు సిబ్బందిని చుట్టూ నిలబెట్టుకుని దాన్ని చదివి వినిపించారు. సైదమ్మ గుమ్మం పక్కన నిలబడి విన్నది. ఆమెను పొమ్మనటం ఆ ఆఫీసులో ఎప్పుడో మానేశారు.

"విషయము: శాశ్వతముగా ఫ్రీజ్ అయియున్న భూములు, కరుగుదల, విడుదల, ప్రపంచమునకు ముప్పు, తక్షణ చర్యల గురించి. పై విషయమునకు సంబంధించి, అట్టి భూములు ఇటీవల విడుదలగుచున్నందున మానవాళికి తీవ్ర ప్రమాదము వాటిల్లుచున్నదని నిపుణులు తెలియజేసియున్నారు. కావున ఇకమీదట అట్టి భూమి సెంటు కూడా కరగకుండా, విడుదల కాకుండా చూడవలసిన పూర్తి బాధ్యత సంబంధిత తహసీల్దారులదే. పై భూముల వివరములు జతపరచిన నమూనాలో నేటి సాయంత్రము ఐదు గంటలలోగా అప్‌లోడ్ చేయవలెను."

చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మన మండలంలో విడుదలకు సిద్ధంగా ఉన్న భూమి ఏదయ్యా?"

అందరూ సైదమ్మ వంక చూశారు.

నమూనాలో పంతొమ్మిది గళ్ళున్నాయి. మంచు మందమెంత, లోతెంత, గత పదేళ్ళలో ఎంత కరిగింది, వాయువులేమైనా వెలువడ్డాయా, వాసన ఉందా. దైవాధీనం కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో గడీ నింపుతున్నాడు. మంచు మందం గడిలో సైదమ్మ బోరు లోతు లెక్కన రెండొందల అడుగులని కొట్టాడు. ఉష్ణోగ్రత గడి దగ్గర మాత్రం కంప్యూటర్ మొండికేసింది. నలభై ఆరు కొడితే ఎర్రగా వెలిగి, సున్నాకు దిగువనున్న అంకె మాత్రమే వేయవలెనని చెప్పింది. అప్పటికి అయిదు కావటానికి పది నిమిషాలుంది.

"ఏం చెయ్యమంటారు సార్?"

"ఉన్నతాధికారులు సున్నాకు దిగువ అన్నారంటే ఆలోచించే అని ఉంటారు. అంకె మార్చకు. నలభై ఆరు అన్నది వాస్తవం. దాని ముందు చిన్న గీత పెట్టు. గీత వల్ల వాస్తవానికి భంగం రాదు," అన్నారు తహసీల్దారు.

దైవాధీనం గీత పెట్టాడు. కంప్యూటర్ పచ్చగా వెలిగి ధన్యవాదాలు చెప్పింది. ఆ విధంగా మే నెల రెండోవారంలో, వడదెబ్బకు కోళ్ళు రాలిపోతున్న నల్లరేగడిపాడు, మైనస్ నలభై ఆరు డిగ్రీలతో దేశంలోకెల్లా చల్లని ఊరయింది.

సైదమ్మ ఇంటికి వెళ్ళి మొగుడికి చెప్పింది. నరసయ్య మోకాళ్ళకు నూనె రాసుకుంటూ విన్నాడు.

"మన చేలో మంచుందంటనా?"

"ఉందంట. రెండొందల అడుగులు."

"మరి రెండేళ్ళు మిరప ఎందుకు మాడిందే?"

"అది కూడా అడిగొస్తా ఉండు," అంది సైదమ్మ.

అడగటానికి ఆమె గురువారం వెళ్ళేసరికి ఆఫీసు తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి. తోసుకుని లోపలికి వెళ్తే ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి. తహసీల్దారు మొదలు అటెండరు దాకా అందరూ మంకీ టోపీలు పెట్టుకుని, హాస్టల్ పిల్లల రగ్గులు కప్పుకుని, టీవీ తెరకు ఎదురుగా బెంచీల మీద కూర్చుని ఉన్నారు. కారే చెమటకు కింద గచ్చు తడిసింది. అంతకు ముందురోజు వీడియో సమావేశంలో జిల్లా పెద్దసారు వీళ్ళను పొట్టిచేతుల చొక్కాల్లో చూసి, మైనస్ నలభై ఆరులో సిబ్బంది ఆరోగ్యం పట్ల ఇంత నిర్లక్ష్యమా అని మండిపడ్డాడట. కిరాణా కొట్టువాడు పోయిన చలికాలం మిగిలిన టోపీలన్నీ వీళ్ళకు అంటగట్టి బతికిపోయాడు.

తెరమీద పెద్దసారు కనిపించాడు. ఏసీ గదిలో ఉన్నాడు కాబోలు, ఆయనా కోటు వేసుకున్నాడు.

"సత్యసుందరంగారూ, మీ మండలం గురించి పైన చాలా గొప్పగా అనుకుంటున్నారు. కరుగుదల నివారణలో మనం ఆదర్శంగా నిలవాలి. మీ దగ్గర పరిస్థితి అదుపులో ఉందా?"

"పూర్తిగా అదుపులో ఉంది సార్. చలి మాత్రం కొంచెం..." అంటూ తహసీల్దారు రగ్గు కొస కాస్త తొలగించబోయి, మళ్ళీ కప్పుకున్నారు.

అంతలో వెనక బెంచీ మీది రికార్డు అసిస్టెంటు కళ్ళు తేలేసి పక్కకు ఒరిగాడు. ఉక్కకు సొమ్మసిల్లాడు పాపం. తెరమీద పెద్దసారు కంగారుపడ్డాడు. "చూస్తారేమిటయ్యా, చలికి కొంకర్లు పోతున్నాడు, ఇంకో రగ్గు కప్పండి."

ఇద్దరు లేచి ఇంకో రగ్గు కప్పారు. సైదమ్మ ఇక ఆగలేకపోయింది. కూజా అందుకుని ఆ మనిషి టోపీ లాగేసి నెత్తిన నీళ్ళు గుమ్మరించింది. వాడు కళ్ళు తెరిచాడు. మైనస్ నలభై ఆరులో ఉద్యోగి మీద చన్నీళ్ళు పోసిన ఆ స్త్రీ ఎవరో విచారించి నివేదిక పంపమని పెద్దసారు అప్పటికప్పుడు ఆదేశించాడు.

నివేదికతో పోలేదు. పై వారం ఏకంగా ఒక అధికారే దిగాడు. పేరు డాక్టర్ గజేంద్రనాథ్. శాశ్వత ఘనీభవన భూముల పరిరక్షణ ప్రత్యేకాధికారి. ఆ హోదా పుట్టి అప్పటికి తొమ్మిది రోజులు. రెండు జీపులు సైదమ్మ చేనుగట్టు మీద ఆగాయి. ఆయన మంకీ టోపీతో, చేతికి ఉన్ని తొడుగులతో దిగాడు. వెనక తహసీల్దారు, ఆయన వెనక దైవాధీనం, వాళ్ళ వెనక గడ్డపార పట్టుకుని సర్వేయరు ఖాసిం.

"పరీక్షించండి," అన్నాడు ప్రత్యేకాధికారి.

ఖాసిం గడ్డపార ఎత్తి నేలమీద వేశాడు. ఠంగుమని మోగి చేతులు జివ్వుమన్నాయి. నేల మీద గోరంత గాటు కూడా పడలేదు.

"నేల గడ్డకట్టినట్టు ప్రాథమికంగా నిర్ధారణ అయినది. రాసుకోండి."

"ఎండకు బిర్రబిగిసింది సారూ," అంది సైదమ్మ. "మే నెల్లో రేగడి గడ్డపారకు లొంగుద్దా ఎక్కడన్నా? నాలుగు చినుకులు పడనియ్యండి, వెన్నలాగా అయిద్ది."

ప్రత్యేకాధికారి చటుక్కున తహసీల్దారు వైపు తిరిగాడు. "విన్నారా? తడి తగిలితే మెత్తబడుతుందని అర్జీదారు స్వయంగా అంగీకరిస్తున్నారు. దాన్నే సాంకేతిక పరిభాషలో కరుగుదల అంటారు. రాసుకోండి."

తరవాత ఆయన బీటలు చూశాడు. ఎండాకాలం రేగడి చేలో కాలు ఇరుక్కుపోయేంత బీటలుంటాయని ఆ ఊళ్ళో ఏ పిల్లవాణ్ణడిగినా చెబుతాడు. ఆయన మాత్రం వాటి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కరుగుదల తొలిదశ పగుళ్ళని రాయించాడు. ఆపైన చిన్న డబ్బాలాంటి యంత్రమొకటి తీసి చేనంతా తిప్పసాగాడు. గట్టు దగ్గర కట్టేసిన గేదె వెనక్కి ఆయన చేరేసరికి ఆ యంత్రం కీచుమంది.

"వాయువు. మీథేన్. సర్వే నంబరు 241 నుంచి విడుదలవుతోంది."

"అయ్యో నా తండ్రీ, అది చేను కాదు సారూ. మా గేదె."

"గేదె ఎక్కడ నిలబడి ఉందమ్మా?"

"మా చేలో."

"అయితే వాయువు మీ చేలోంచి వచ్చినట్టే. గేదెకు విడిగా సర్వే నంబరు ఉండదు."

చివరికి ఆయన చూపు బోరు గొట్టం మీద పడింది. రెండొందల అడుగుల లోతుకు పోయిన ఆ గొట్టం, నేల కింది వాయువులన్నీ పైకి తప్పించుకోవటానికి అర్జీదారు చేసిన రంధ్రమని తేల్చాడు. దాన్ని తక్షణమే మూసెయ్యాలన్నాడు. సిమెంటు బస్తా జీపులోనే ఉంది. అన్నీ ముందే తెచ్చుకున్నారు.

సైదమ్మ నోరు ఆ మండలంలో అందరికీ తెలుసు. ఆమె అరిస్తే మూడు చేల అవతల దుక్కిటెడ్లు ఆగుతాయి. అలాంటి మనిషి, వాళ్ళు సిమెంటు కలుపుతుంటే అరవలేకపోయింది. గొట్టం దగ్గర చతికిలబడి, దాన్ని రెండు చేతులా పట్టుకుని, "వద్దు సారూ, దీని కోసం నా పుస్తెలతాడు పోయింది," అని ఏడ్చింది. ఖాసిం తాపీ కింద పెట్టి తల పక్కకు తిప్పుకున్నాడు. తహసీల్దారు 'కానివ్వు' అన్నట్టు దగ్గారు. పావుగంటలో బోరు మూసేశారు.

ముందున్న జీపు ఇంజను వేడెక్కి కదలనంది. అది చల్లబడేదాకా అందరూ తుమ్మచెట్టు నీడకు చేరారు. ప్రత్యేకాధికారి టోపీ తీసి జేబులో పెట్టుకుని, మొహమాటంగా మంచినీళ్ళడిగాడు. సైదమ్మ కళ్ళు తుడుచుకుని కుండలోంచి ముంచి ఇచ్చింది. దాహమన్నవాడికి నీళ్ళు లేవనటం ఆమెకు రాదు.

"ఒక్క మాట అడుగుతా సారూ. నిజంగా అట్టాంటి నేల యాడన్నా ఉందా?"

ఆయన గ్లాసు ఖాళీ చేశాడు. టోపీ లేకపోయేసరికి మామూలు మనిషిలానే మాట్లాడాడు. "ఉందమ్మా. చాలా ఉత్తరాన, చలి దేశాల్లో. వేల ఏళ్ళ నుంచి గడ్డకట్టిన నేల. పూర్వం చచ్చిన గడ్డీ గాదం, జంతువులూ అందులో కుళ్ళకుండా అలాగే ఉండిపోయాయి. మనం పొగలు పెంచి లోకాన్ని వేడి చేశాం. ఆ నేల కరుగుతోంది. కరిగితే లోపలున్నదంతా కుళ్ళి గ్యాసవుతుంది. ఆ గ్యాసు వల్ల వేడి ఇంకా పెరుగుతుంది, వేడికి నేల ఇంకా కరుగుతుంది."

"పేడగుంత మూత తీసినట్టు."

"సరిగ్గా అంతే."

"అందుకేనా ఈ ఎండలు ఇట్టా పెరిగిపోతున్నయ్యి, వానలు తప్పిపోతున్నయ్యి?"

"అది కూడా ఒక కారణమవుతుందమ్మా, రానురాను."

"మరి దాన్ని ఆపటానికి ఏం చేస్తన్నారు?"

ఆయన ఖాళీ గ్లాసు తిరిగిచ్చాడు. "నివేదికలు తెప్పించుకుంటున్నాం."

సైదమ్మ ఆయన మొహంలోకి చూసింది. "ఇంత చదువుకున్నారు. ఇది మంచు కాదని మీకు తెలుసుగా?"

"తెలుసమ్మా. భూగర్భశాస్త్రంలో డాక్టరేటు నాది. కానీ నా పోస్టు పుట్టిందే మంచు కోసం. ఇక్కడ మంచు లేదని రాస్తే నేనూ లేనట్టే."

"మీరుండటానికి నేను లేకుండా పోవాలా సారూ?"

జీపు స్టార్టయింది. ఆయన జేబులోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు.

మర్నాడు చేలో బోర్డు లేచింది. 'ఇది శాశ్వత మంచు భూమి. దున్నుట, తడుపుట, తొక్కుట నిషేధము. కరిగించువారు శిక్షార్హులు.' సైదమ్మ తిన్నగా ఆఫీసుకు వెళ్ళి తహసీల్దారు గదిలో నేలమీద కూర్చుంది.

"నా చేను మంచన్నారు. సరే, మీ మాటే ఖాయం. ఎండ దంచుతోంది. మంచు కరిగితే ఎవరిది పూచీ? మీరేగా కాపాడాల్సింది? పోయి ఐసు తెచ్చి కప్పండి. ఊరికే బోర్డు పాతితే చాలదు."

ఎగతాళికే అంది. దైవాధీనం నవ్వు ఆపుకోవటానికి బీరువా వెనక్కి వెళ్ళాడు. కానీ సత్యసుందరంగారి ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎగతాళికి ఒక గడి అంటూ ఎక్కడా కనపడలేదు. ఆయన గంభీరంగా పెన్ను తీసి, 'అర్జీదారు సూచన పరిశీలించదగినదిగా భావించడమైనది' అని రాసుకున్నారు.

మూడు రోజులకు రెండు లారీల ఐసు వచ్చింది. చేపల మార్కెట్టు నుంచి తెచ్చిన ఐసు. సైదమ్మ చేలో దించితే కాకులూ పిల్లులూ ఊరంతా ఖాళీ చేసి అక్కడికి చేరాయి. పట్టుమని రెండు గంటలు నిలవలేదు. కరిగిన నీళ్ళు బీటల్లోకి ఇంకి, లారీలు దించిన మేర నేల మెత్తబడింది. ఆ మేర కరుగుదల సంభవించినట్లు ప్రత్యక్షంగా రుజువైనందున, కరుగుదలకు కారకురాలివైన నీపై ఎందుకు చర్య తీసుకోరాదో ఏడు రోజుల్లో తెలుపవలెనని సైదమ్మకు నోటీసు అందింది. కారకురాలు ఎలాగంటే, ఐసు వెయ్యమన్నది ఆమేగా.

"నీ నోరే నీకు శత్రువే," అన్నాడు నరసయ్య.

"నోరు కూడా లేకపోతే ఈపాటికి నన్నే 214లో పూడ్చి, మంచన్నా కప్పేవాళ్ళు," అంది సైదమ్మ.

ఏడు రోజులు గడవకముందే ఢిల్లీ మేల్కొంది. మే నెలలో మైనస్ నలభై ఆరు నమోదైన ఊరు ఏదో చూద్దామని అక్కడి శాస్త్రవేత్తలెవరో పటం ముందేసుకున్నారట. అరగంటపాటు హిమాలయాల్లో వెతికారట. చివరికి ఎక్కడుందో తెలిశాక వాళ్ళు రాసిన ఉత్తరంలోని మాటలు మన రాజధానిలో ఎవరూ తెలుగు చెయ్యటానికి సాహసించలేదు. బదులుగా కొత్త ఉత్తర్వు వచ్చింది. 'శాశ్వత మంచు భూములు ఈ రాష్ట్రమునందు ఎచ్చటనూ లేవని ఇందుమూలముగా స్పష్టము చేయడమైనది. అట్టివి కలవని నమోదైన వివరములన్నియూ ఇరవై నాలుగు గంటలలోగా రికార్డుల నుండి తొలగించవలెను.'

ఆ సాయంత్రం దైవాధీనం స్వయంగా ఫోను చేశాడు. "అమ్మా, నీ నంబరు తీసేశాం. జాబితాలో లేదు. నేనే నా చేత్తో నొక్కాను."

పదకొండేళ్ళు. తిరిగి తిరిగి ఎన్ని జతల చెప్పులు అరిగాయో సైదమ్మకే తెలియదు. పక్కింటివాళ్ళను పిలిచి పంచదార పెట్టింది. నరసయ్య మోకాళ్ళ నొప్పులు మరిచి చేనుదాకా నడిచాడు. మర్నాడు పొద్దున్నే ఆమె ఉతికిన చీర కట్టుకుని కరెంటాఫీసుకు వెళ్ళింది.

అక్కడి గుమస్తా నంబరు కొట్టి చూశాడు. మళ్ళీ కొట్టాడు. "241 అనే సర్వే నంబరు లేదమ్మా."

"జాబితాలో లేదుగా. తీసేశారు."

"జాబితాలో కాదు. ఊళ్ళోనే లేదు."

సైదమ్మ రెవెన్యూ ఆఫీసుకు వచ్చింది. దైవాధీనం కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి గర్వంగా చూపించాడు. ఆమెకు చదువు రాదు గానీ అంకెలొచ్చు. 239. 240. 242. 243.

"మధ్యలోది ఏదయ్యా?"

"తొలగించాంగదమ్మా. మంచు భూములుగా నమోదైన వివరాలన్నీ తీసెయ్యమన్నారు. 241 మొత్తం మంచే గదా మనం రాసింది."

"మరి నా చేను?"

"దాని మీద ఇప్పుడు ఏ నిషేధమూ లేదు. లేని భూమికి నిషేధమేంటి?"

"నేను పదకొండేళ్ళు తిరిగింది జాబితాలోంచి తియ్యమనయ్యా," అంది సైదమ్మ. ఆమె గొంతు పెరగలేదు. "భూమ్మీంచి తియ్యమనలేదు."

గదిలోంచి తహసీల్దారు బయటికొచ్చారు. మంకీ టోపీల దశ దాటి బయటపడ్డందుకు ఆయన మొహం తేటగా ఉంది. "ఆవేశపడవద్దమ్మా. భూమి ఉన్నదని భావించినచో, ఉన్నదని కొత్త అర్జీ పెట్టుకోవచ్చు. పరిశీలిస్తాం."

దైవాధీనం కొత్త అర్జీ నింపటానికి కూర్చున్నాడు. అర్జీదారు పేరు, గుండాల సైదమ్మ. అర్జీదారు భూమి సర్వే నంబరు, 241. కంప్యూటర్ ఎర్రగా వెలిగింది. అలాంటి నంబరు లేదంది. గీతలు పెట్టి చూశాడు, సున్నాలు చేర్చి చూశాడు. ఒప్పుకోలేదు.

"సరే," అంది సైదమ్మ. "నా భూమి లేదన్న సంగతే కాగితం మీద రాసివ్వండి. సంతకం, సీలు వేసి."

అడిగిన వెంటనే సత్యసుందరంగారు సంతకం పెట్టిన కాగితం ఆ ఆఫీసు చరిత్రలో అదొక్కటే. లేనిదాన్ని లేదని రాయటంలో ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు గదా. సైదమ్మ దాన్ని మడిచి రవికలో పెట్టుకుంది.

ఇంటికి వచ్చి గడ్డపార తీసుకుని చేనుకు పోయింది. బోర్డును పీకి గట్టవతల పారేసింది. బోరు మీది సిమెంటు బిరడాను పొద్దువాలేదాకా కొట్టింది. చేతులు బొబ్బలెక్కాయి గానీ అది పగిలింది. నరసయ్య గట్టు మీద కూర్చుని, "పట్టుకుపోతారే నిన్ను," అంటూనే ఉన్నాడు.

కబురు తెలిసి మూడోనాడు దైవాధీనం, ఖాసిం నోటీసు పుస్తకంతో వచ్చారు. సైదమ్మ రవికలోంచి కాగితం తీసి ఇచ్చింది.

"చదువు అయ్యా."

దైవాధీనం చదివాడు. "పై తెలిపిన భూమి లేనందున..."

"లేని చేలో, లేని బోరుకి, లేని బిరడా పగలగొట్టా. రాసుకో."

దైవాధీనం పెన్ను తీసి, నోటీసు పుస్తకంలో సర్వే నంబరు అన్న గడి దగ్గర ఆగి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఖాసిం మాత్రం నవ్వు దాచుకోలేదు.

అలా సైదమ్మ సర్కారును గెలిచింది. గెలిచి ఏం లాభం, కరెంటు రాలేదు. లేని చేనుకు స్తంభం ఎవడు వేస్తాడు? మృగశిర కార్తె వచ్చి పోయింది, చినుకు రాలలేదు. అప్పుడు నరసయ్య తన బావమరిది ఊరికి వెళ్ళి, వాళ్ళ కొట్టంలో మూలపడున్న డీజిల్ ఇంజనూ, దానికి తగిన పంపూ బండిమీద వేయించుకొచ్చాడు. ఇద్దరూ కలిసి దాన్ని బోరుకు బిగించారు. చక్రం తిప్పితే అది దగ్గి, తుమ్మి, చేనంతా కమ్ముకునేలా నల్లటి పొగ కక్కి, అప్పుడు నీళ్ళు పోసింది.

ఆ నెల వాయువుల నివేదిక కోసం దైవాధీనం ఊరూరూ తిరుగుతూ అటు వచ్చాడు. పైవాళ్ళు మంచును రద్దు చేశారు గానీ నెలవారీ నివేదికను రద్దు చెయ్యటం మరిచిపోయారు. గట్టుమీద నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, తుమ్మచెట్టును దాటి ఆకాశంలోకి పోతున్న పొగను చూశాడు.

"రాసుకోవయ్యా," అంది సైదమ్మ. "ఇన్నాళ్ళూ వాయువు వాయువని నా ప్రాణం తీశారుగా. ఇదిగో, ఇయ్యాల నిజంగానే వస్తోంది. కరెంటిచ్చుంటే ఇది కూడా ఉండేది కాదు."

దైవాధీనం చేతిలోని కాగితం వంక చూసుకున్నాడు. ఆమె వంకా చూశాడు.

"ఎక్కడ వస్తోందని రాయనమ్మా? 241 లేదుగా," అన్నాడు. 240, 242 నంబర్లకు ఎదురుగా 'వాయువులు లేవు' అని రాసుకుని, మోటారుసైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు.

కాలవ తెగి నీళ్ళు పక్కచేలోకి పోతున్నాయి. సైదమ్మ పార అందుకుని, పొగలో దగ్గుకుంటూ అటు నడిచింది.